మట్టి కాని మట్టితో గాజులు: రాయచూరు సీమ పనితనములతో ఒక పోలిక

తెలుగు ఇండ్లలో "మట్టి గాజులు" అను మాట కలదు. బంగారువి కాక, గాజుతో చేసిన సాదా గాజులని దాని అర్థము. మాటలో మట్టి యున్నది కాని వస్తువులో మట్టి లేదు. ఇసుకను క్షారముతో కలిపి కరిగించిన గాజే యది. "గాజు" అను పదము సంస్కృతములోని "కాచ" శబ్దమునుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. పదార్థము పేరే ఆభరణమునకు పేరైనది. కన్నడమున గాజు వేరు, బళె వేరు. తెలుగున రెండును గాజులే. లక్కతో చేసినను, దంతముతో చేసినను, తుదకు బంగారముతో చేసినను అది గాజే. బంగారు గాజు అన్నప్పుడు ఆ మాటలోని వైరుధ్యము ఎవరికిని తోచదు.

ఈ పేళ్ళ తికమకకు ఇటీవలి కాలమున మరియొకటి చేరినది. పట్టణములలో కొందరు స్త్రీలు తీరిక వేళల "పాలిమరు మట్టి" అను రంగుల ముద్దతో గాజులు చేసికొనుచున్నారు. ఇది మట్టియు కాదు, గాజును కాదు. ఒక విధమగు ప్లాస్టిక్కు. పేరు చూచి దానిని మట్టివలె ఎండబెట్టువారు రోజులకొలది వేచి విసుగుదురు. కుమ్మరి ఆవమును తలచి మంటలో పెట్టువారు మాడ్చి, చెడు వాసన పీల్చుదురు. ఈ పని విదేశములనుండి వచ్చిన వినోదమని కొందరనుకొందురు. కాని మెత్తని ముద్దను వలయముగా చేసి వేడితో దిద్దు విద్య ఇచ్చటివారికి క్రొత్తది కాదు. రాయచూరు సీమను, దాని ఇరుగుపొరుగును చూచినచో ఆ సంగతి తెలియును. క్రొత్త ముద్దను వాడుటలో ఎచ్చట పొరపాటు వచ్చునో అదియు తెలియును.

రాయచూరు జిల్లా కృష్ణా తుంగభద్రల నడిమి నేల. 1956 వరకు హైదరాబాదు సంస్థానము నుండి ఏర్పడిన రాష్ట్రములో నుండి, ఆ యేడు నవంబరు 1న మైసూరు రాష్ట్రములో చేరినది. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమని పేరైనది. ఆ విభజనలోనే జిల్లాకు చెందిన గద్వాల, ఆలంపురము తాలూకాలు మహబూబునగరము జిల్లాకు పోయినవి. తుంగభద్ర యెడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములలో ఆంధ్ర తీరమునుండి వచ్చిన రైతులు స్థిరపడిరి. వారి ఊళ్ళకు "క్యాంపులు" అను పేరు నేటికిని నిలిచియున్నది. అందుచేత ఈ సీమలో తెలుగు గాజును, కన్నడపు బళెయు ఒకే అంగడిలో ఒకే పెట్టెనుండి వెలువడును.

ఈ జిల్లాలోని మస్కి గ్రామము పేరు చరిత్రకారులకు సుపరిచితము. 1915లో బీడన్ అను గనుల ఇంజనీరు అచ్చట అశోకుని శాసనమును కనుగొనుటయు, అందు అశోకుని పేరు స్పష్టముగా నుండుటయు దానికి కారణము. ఆ కీర్తి నీడలో మరియొక సంగతి మరుగుపడినది. భారత ప్రాగితిహాస పరిశోధనకు ఆద్యుడగు రాబర్టు బ్రూస్ ఫూట్ అంతకు చాల ముందే మస్కి పరిసరములలో సేకరించిన వస్తువులలో శంఖపు గాజుల తునుకలున్నవి. 1954లో బి. కె. థాపర్ ఆధ్వర్యవమున జరిగిన త్రవ్వకములు అచ్చటి జనావాసము నవీన శిలాయుగపు చివరి దశనుండి మధ్యయుగముల వరకు విడతలు విడతలుగా సాగినదని చూపినవి. శంఖము సముద్రపు వస్తువు. మస్కికి సముద్రము వందల మైళ్ళ దూరము. స్త్రీ ముంజేతికి ఒక తెల్లని వలయము కావలెనని అంత దూరమునుండి శంఖము నడచి వచ్చినది!

శంఖపు గాజునకు గల విశేష మేమనగా దానికి అతుకు లేదు. శంఖము సహజముగనే చుట్లు తిరిగినది. దానిని రంపముతో అడ్డముగా కోసి, లోపలి భాగమును తొలగించి, అరగదీసినచో వలయము సిద్ధము. పనివాడు వలయమును చేయడు; శంఖములో నున్న దానిని బయటికి తీయును. తక్కిన పదార్థములలో పెక్కింటికి ఈ సౌకర్యము లేదు. కడ్డీనో, తీగెనో, పట్టీనో వంచి రెండు కొనలను కలుపవలెను. ఆ కలిపిన చోటే అతుకు. గాజు విరిగినచో తరచుగా అచ్చటనే విరుగును. కావున గాజుల పనితనమును పరీక్షింప దలచినవారు రంగులు, తళుకులు చూచుటకు ముందు అతుకు ఎచ్చట నున్నదో వెదకవలెను.

గాజు గాజులలో అతుకును మంట కలుపును. ఉత్తర దేశమున ఫిరోజాబాదు ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. అచ్చట కరిగిన గాజును తిరుగు కడ్డీపై సన్నని చుట్టలుగా చుట్టుదురు. చుట్టను నిలువుగా గీసి కోసినచో ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క వలయమై, కొనలు కొంచెము ఎడమై విడివడును. పిదప ఆ కొనలను దీపపు మంటపై వేడిచేసి సరిచేసి అతుకుదురు. గాజుల బలిజలు మలారములలో మోసికొని ఊరూర తిరిగి తొడిగిన గాజులకును ఇటువంటి అతుకు ఎచ్చటనో ఒకచోట నుండెడిది. గాజును చేసిన పదార్థమే కరిగి దానిని కలుపును గనుక ఇది గట్టి అతుకు. కాని అంతటి వేడి ఇంటి పొయ్యికి సాధ్యము కాదు. ఇంట గాజులు చేయదలచినవారికి గాజు పనికిరాదు.

లక్క అట్లు కాదు. అది నీరు మరుగు వేడికంటె తక్కువ వేడికే మెత్తబడును. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించు పదార్థమిది. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారు ఈ గాజులకు పెట్టినది పేరు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. పనివారు కుంపటి ముందు కూర్చుండి, పొడి కలిపిన లక్కను వేడిచేసి, రంగు పూసి, సన్నని కడ్డీగా దొర్లించి, కొలతకు కోసి, కొనలు వేడిగా నుండగనే కలిపి, కొయ్య అచ్చుపై గుండ్రముగా దిద్దుదురు. లక్క మరల మెత్తబడినప్పుడు రాళ్ళను, అద్దపు తునుకలను ఒక్కొక్కటిగా అద్దుదురు. వ్రేళ్ళకు వేడి తగులుచునే యుండును. లక్క చల్లారినచో బిగియును, కాచినచో మరల మెత్తబడును. ఎన్ని మారులైన నిట్లే. ఇది లక్కకు గల గొప్ప గుణము. ఎండలో మరచిన గాజు వంకరపోవుటకు కారణమును ఇదియే.

మూడవ ముద్ద రాయచూరు జిల్లాలోనే పుట్టినది. అయితే 1997లో కొప్పళ వేరు జిల్లా యగుటచే నేడు ఆ ఊరు కొప్పళ జిల్లాలో నున్నది. దాని పేరు కిన్నాళ. అచ్చటి చిత్రగారులు తేలిక కొయ్యతో దేవతామూర్తులను, బొమ్మలను చేయుదురు. కొయ్యపై వారు పూయు ముద్దకు "కిట్ట" అని పేరు. గోనె పీచును నానబెట్టి, చీల్చి, ఎండబెట్టి, పొడిచేసి, చింతగింజల జిగురుతో కలిపి దానిని సిద్ధపరుతురు. బొమ్మ మెడలోని హారములు, చేతి కంకణములు మొదలగు ఉబ్బెత్తు నగలకు గులకరాతి పొడిని జిగురుతో కలిపి అద్దుదురు. ఇక్కడ వేడితో పని లేదు. తడి ఆరిన కొలది ముద్ద బిగియును. కిన్నాళ బొమ్మ చేతికి కంకణము ఉండును కాని మనుష్యుని చేతికి ఆ ముద్దతో గాజు చేయరు. నీరు తగిలినచో జిగురు విడును గదా.

లక్క చల్లారి బిగియును. కిట్ట ఆరి బిగియును. పాలిమరు మట్టి ఈ రెండు విధములను పాటించదు. దాని స్వభావమును తెలియుటకు పుట్టుక తెలిసికొనవలెను.

జర్మనీలో కేటె క్రూసె అను ప్రసిద్ధురాలగు బొమ్మల శిల్పి యుండెను. ఆమె కుమార్తె సోఫీ బొమ్మల తలలకు ఉద్దేశించిన ఒక ప్లాస్టిక్కు ముద్దపై ప్రయోగములు చేసి, రంగులు కూర్చి, చేతిపనులకు అనువుగా దిద్దినది. ఇంటివారు ఆమెను ఫీఫీ అని పిలిచెడివారు. 1964లో ఆ ముద్దను ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ కొనినది. "ఫీమో" అను పేరుతో అది లోకమున వ్యాపించినది. అమెరికాలో "స్కల్పీ" అను మరియొక రకము ప్రచారమునకు వచ్చినది. 1991లో నాన్ రోష్ రచించిన "ది న్యూ క్లే" అను గ్రంథము ఈ పనిని ఆభరణ కళగా నిలబెట్టుటకు తోడ్పడినది.

ఈ ముద్దలో నున్నది పి.వి.సి. అను ప్లాస్టిక్కు పొడి. నీటి గొట్టములు చేయు పదార్థపు జాతియే. ఆ పొడి రేణువులను మెత్తగా నుంచుటకు నూనెవంటి ద్రవమును, రంగులను చేర్చుదురు. నీరు లేదు గనుక గాలికి ఆరదు. తగిన వేడి తగిలినపుడు రేణువులు ఆ ద్రవమును పీల్చుకొని ఉబ్బి, ఒకదానితో నొకటి కలిసి ఏకఖండమగును. ఒకసారి ఇట్లు కలిసినది మరల ముద్ద కాదు. ఈ యొక్క మాట గ్రహించినవారికి తక్కిన పనియంతయు సులభము.

కావలసిన వేడి కొంచెమే. ఫీమో రకమునకు 110 డిగ్రీలు, స్కల్పీ రకమునకు 130 డిగ్రీల సెంటీగ్రేడు. మందము 6 మిల్లీమీటర్లున్నచో అరగంట వేడి అవసరము. ఇంతకంటె చాల తగ్గినచో గాజు పైకి గట్టిగా కనబడినను లోపల రేణువులు కలియవు. కొన్ని దినములకు పెళుసై విరుగును. మితిమీరినచో, 175 డిగ్రీల ప్రాంతమున, నల్లబడి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి విడుచును. అది కన్నులకు, గొంతునకు హానికరము. కనుక కుంపటి, గ్యాసు పొయ్యి, పెనము దీనికి తగవు. చిన్న విద్యుత్ పొయ్యి వలయును. దాని మీటపై వ్రాసిన అంకెలను నమ్మక లోపల ఒక ఉష్ణమాపకము నుంచవలెను. లక్కపనివాడు వేడిని వ్రేళ్ళతో కొలుచును. ఇచ్చట వ్రేళ్ళు ఎందుకును కొరగావు. ఈ యొక్క చోటనే పాత పనితనము క్రొత్తదానికి దారి చూపదు.

ఇక కొలత సంగతి. మన అంగళ్ళలో గాజుల కొలత 2-4, 2-6, 2-8 అని చెప్పుదురు. దీనిని దశాంశమని భ్రమపడరాదు. మొదటి అంకె అంగుళములు, రెండవది అంగుళములో పదహారవ వంతులు. 2-4 అనగా లోపలి అడ్డుకొలత రెండుంబావు అంగుళములు, అనగా సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 సుమారు 60, 2-8 సుమారు 63 మిల్లీమీటర్ల అర. చుట్టుకొలత లెక్కించినచో వరుసగా 180, 190, 200 మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చును. ఒక్కొక్క సైజునకు ఒక సెంటీమీటరు పెరుగునని గుర్తుంచుకొన్న చాలును. గాజు ఎక్కవలసినది మణికట్టు కాదు, బొటనవ్రేలిని అరచేతిలోనికి ముడిచినప్పుడు చేయి వెడల్పగు చోటు. అచ్చటనే దారముతో కొలువవలెను. వెడల్పు గాజు సన్నని గాజుకంటె బిగువుగా తోచును గనుక ఒక సైజు పెంచుట మేలు.

ముద్దను తొలుత చేతులతో పిసుకవలెను. చపాతి పిండిని మర్దించుటకు దీనికి భేదము లేదు. వంచినప్పుడు అంచున పగుళ్ళు రానంతవరకు పిసుకుదురు. రాయచూరులో మరియొక జాగ్రత్త యున్నది. ఇది ప్రత్తి వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. గాలిలో ఎచ్చటనో ఒకచోట దూది నూగు ఉండనే యుండును. తెల్లని ముద్ద దానిని అయస్కాంతమువలె పట్టును. అందుచేత లేత రంగులను ముందు, ముదురు రంగులను తరువాత పిసుకుట, నడుమ తడిగుడ్డతో చేతులు తుడుచుకొనుట అలవరచుకొనవలెను. ఇచ్చటి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. రేకుల కప్పు క్రింద గాని, నిలిపిన బండిలో గాని వదలిన పొట్లము పాకము పట్టినట్లు సగము బిగిసి, పిసుకుటకు లొంగదు. చల్లని చోట, కుండల ప్రక్కన నీడలో నుంచుట మంచిది. కొన్ని గట్టి ప్లాస్టిక్కు డబ్బాలను ఈ ముద్దలోని ద్రవము కరగించును. మైనపు కాగితములో చుట్టిన భయము లేదు.

రంగుల పూవులను అద్దుట కంటె ముద్దలోనే పూవును పెంచుట ఈ పనిలోని వింత. రంగుల కడ్డీలను పేర్చి, నడుమ పసుపు, చుట్టును ఎఱుపు రేకులు, వెలుపల ఆకుపచ్చ ఉండునట్లు ఒక లావుపాటి కట్ట చేయుదురు. బెండకాయను అడ్డముగా కోసినప్పుడు ప్రతి ముక్కలోను ఒకే నక్షత్రము కనబడునట్లు, ఆ కట్టను కోసిన ప్రతి బిళ్ళలోను అదే పూవు కనబడును. కట్టను అన్ని ప్రక్కలనుండి సమముగా నొక్కి సాగదీసినచో పూవు చెదరక సన్నబడును. అంగుళమంత పూవు ఆవగింజంత అగును. ఇది వెనిసు నగరపు గాజు పనివారి విద్య. తెలుగు నేలపైనను దీనికి చుట్టమొకటి కలదు: తిరుపతి సమీపమున పాపానాయుడుపేట పనివారు కరిగిన గాజు ముద్దను పొడవైన సన్నని గొట్టముగా సాగదీసి, తునుకలుగా కోసి పూసలు చేసెడివారు. గొట్టము ఎంత సన్నమైనను నడిమి రంధ్రము పూడదు, వాని పూసలకు బెజ్జము వేరుగా వేయ నక్కరలేదు. సాగదీసినను లోపలి రూపు చెడదను ఒకే సూత్రము రెండింటిలోను పనిచేయుచున్నది.

మరల అతుకు వద్దకు రావలెను. పాలిమరు గాజును రెండు విధముల చేయుదురు. ఇంట మూలపడిన ఇత్తడి గాజునో, కొయ్య గాజునో తీసికొని దానిపై పలుచని పొర కప్పుట మొదటిది. బలమంతయు లోపలి గాజుది; అతుకు కేవలము పైపొరకు సంబంధించినది. మొదటిసారి చేయువారికి ఇదియే తగినది. లోపల ప్లాస్టిక్కు గాజు నుంచరాదు, వేడికి అది కరుగవచ్చును. రెండవది మొత్తము ముద్దతోనే చేయుట. దీనికి తగిన అడ్డుకొలత గల రేకు డబ్బాకు కాగితము చుట్టి, దానిపై 3 మిల్లీమీటర్ల మందపు పట్టీని చుట్టుదురు. కొనలను నిలువుగా కోసి ఎదురెదురుగా తాకించినచో అతుకు నిలువదు. వడ్రంగి దూలములను కలుపునట్లు ఏటవాలుగా కోసి, ఒకదానిపై నొకటి ఎక్కించి, వ్రేలితో చెరపివేయవలెను. అంతకంటె గట్టి ఉపాయమొకటి కలదు. సగము మందముతో ఒక వలయమును చేసి, డబ్బాపైననే ఒకసారి కాల్చుదురు. చల్లారిన పిదప దానిపై ద్రవరూపమునందలి అదే పదార్థమును పలుచగా పూసి రెండవ పట్టీని చుట్టుదురు. దీని అతుకు మొదటి అతుకునకు సరిగా ఎదుటి ప్రక్కన వచ్చునట్లు చూచి మరల కాల్చుదురు. గోడ కట్టువారు ఇటుకల సందుపై సందు రానీయరు గదా! కాలిన పిదప నీటిలో గరుకు కాగితముతో రుద్ది, నూలు గుడ్డతో మెరుగు పెట్టవలెను. పొడి గాలిలో లేవకుండుటకే నీరు.

పసిపిల్లలకు ఈ ముద్దను ఇచ్చుటలో తొందరపడరాదు. మెత్తదనము కొరకు పూర్వము వాడిన ద్రవములలో కొన్ని థాలేటులుండెడివి. 2008లో అమెరికా చేసిన చట్టము పిల్లల వస్తువులలో కొన్నిటిని నిషేధించినది. పొట్లముపై ఆ విషయము వ్రాసినదేమో చూచుట, వంట పాత్రలను, చపాతి పీటను ఈ పనికి వాడకుండుట, పని ముగిసినంతనే చేతులు కడుగుకొనుట అవసరము.

ఈ గాజులు పెండ్లికి, సీమంతమునకు పనికివచ్చునా యని అడుగువారు కలరు. తెలుగు ఇంట ఆ సందర్భముల కోరునది గాజు గాజునే. ఆచారమును ప్రక్కకు పెట్టినను, నాలుగు గాజు గాజులు తగిలినప్పుడు పుట్టు గలగల ధ్వని ఈ ముద్దలో లేదు. టపటప మను మొద్దు చప్పుడు మాత్రమే వచ్చును. ఆ లోపమునకు మందు లేదు. లాడ్ బజారు పనివారి కూటికి ఇది అడ్డు వచ్చునన్న సందేహమును కొందరు వెలిబుచ్చుదురు. ఒక మధ్యాహ్నము పాటుపడి ఒక జతను చేయు గృహిణి, అదే వేళలో ఎన్నో జతలు దిద్దు పనివానికి పోటీ కాజాలదు. పైగా ఒకసారి స్వయముగా అతుకును చెరప యత్నించిన స్త్రీ లక్క గాజును చేతబట్టినప్పుడు అతుకును వెదకును, అది కనబడనప్పుడు ధర విషయమున బేరమాడుటకు కొంత జంకును. పనివారికి నిజముగా దెబ్బ తగులుచున్నది యంత్రముల అచ్చులలో వేలకొలది పోతపోసిన ప్లాస్టిక్కు గాజుల వలన. వానికి అతుకే యుండదు.

చేసిన గాజు అతుకు వద్ద విరిగినచో దానిని పారవేయ నక్కరలేదు. విరిగిన కొనలను గరుకు కాగితముతో రుద్ది, ద్రవరూపపు ముద్దను పూసి, కలిపి, పైన ఒక పలుచని పట్టీని బిళ్ళవలె చుట్టి, డబ్బాకు తొడిగి మునుపటి వేడిలోనే మరల అరగంట కాల్చిన చాలును. ఆ పట్టీకి వేరు రంగు ఎన్నుకొన్నచో అది అతుకుగా గాక నగిషీగా కనబడును.